అల్లెన్, ప్లేనో, మెకిన్నీ వాళ్లకు ప్రశ్న: జెఫ్ లీచ్‌కి మళ్లీ ఓటు వేయాలా?

అల్లెన్_శ్రీను
పోయినేడు సిటిజన్‌షిప్ వచ్చింది. 2024 మార్చి 5 ప్రైమరీ, అంటే పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నిక, నా మొదటి ఓటు. టెక్సస్ హౌస్ (రాష్ట్ర శాసనసభ దిగువ సభ) డిస్ట్రిక్ట్ 67, ఇప్పుడున్న సభ్యుడు రిపబ్లికన్ జెఫ్ లీచ్. రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకుందామని ఉంది. వారం నుంచి పోస్టు డబ్బా తెరిస్తే చాలు, నిగనిగలాడే కార్డులు జారి పడుతున్నాయి. ఒక కార్డులో జెఫ్ లీచ్ అసలు సిసలు కన్జర్వేటివ్, గవర్నర్ అబాట్ మద్దతు ఉంది అని. ఇంకో కార్డులో అదే మనిషి మన అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్‌కి ద్రోహం చేశాడు, పోటీగా నిలబడ్డ డారెన్ మీస్‌ని గెలిపించండి అని. రెండూ ఒకే రోజు వచ్చాయి. ఎవరైనా ఈయన చరిత్ర మొదట్నుంచీ చెప్పండి. పార్టీ ప్రచారం వద్దు, ఏం చేశాడో చెప్పండి చాలు.

హెచ్1బి_హనుమ
అన్నా, నాకు ఓటు లేదు, ప్రాపర్టీ ట్యాక్స్ మాత్రం ఉంది. ఫాలో అవుతున్నా.

ప్లేనో_బాబాయ్
ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో ఉన్నాను కాబట్టి చెప్తా. లీచ్ వృత్తికి లాయరు. బేలర్‌లో చదివాడు, తర్వాత ఎస్ఎంయూలో లా. ఈ సీటులో అంతకుముందు జెర్రీ మాడెన్ ఉండేవాడు, 1993 నుంచి. ఆయన దిగిపోయాక 2012లో లీచ్ గెలిచాడు, 2013 జనవరిలో ప్రమాణం. అప్పటి నుంచి వదల్లేదు. 2017లో ఫ్రీడమ్ కాకస్ పెట్టినవాళ్లలో ఈయనొకడు. హౌస్‌లో బాగా కుడివైపు ఉండే గుంపు అది. 2018 నవంబరులో చచ్చీచెడీ గెలిచాడు, 51 శాతం దగ్గర ఆగింది. ఆ తర్వాత ఆ కాకస్ నుంచి బయటికొచ్చాడు. 2020లోనూ దాదాపు అంతే తేడా. 2021లో నియోజకవర్గాల గీతలు మార్చారు, దాంతో నవంబరులో డెమొక్రాట్ల చేతిలో ఓడే భయం తగ్గింది. ఇప్పుడు భయమల్లా మార్చి ప్రైమరీలోనే.

2019 నుంచి జ్యుడీషియరీ అండ్ సివిల్ జ్యూరిస్‌ప్రుడెన్స్ కమిటీ చైర్మన్. పేరు నోరు తిరగదు గానీ, కోర్టులు, దావాలు, నష్టపరిహారాల బిల్లులన్నీ ఆ గుమ్మం దాటాల్సిందే.

మెకిన్నీ_మాధవి
బాబాయ్ గారూ, అసలు సంగతి వదిలేశారు. 2023 మే 27న పాక్స్‌టన్‌ని ఇంపీచ్ చేయడానికి, అంటే అభియోగాలు మోపి సెనేట్ విచారణకు పంపడానికి, ఈయన ఓటేశాడు. అంతటితో ఆగలేదు, సెనేట్‌లో కేసు నడిపిన పన్నెండు మంది మేనేజర్లలో చేరాడు. పాక్స్‌టన్ మన మెకిన్నీ మనిషి. ఇద్దరూ ఏళ్ల తరబడి స్నేహితులు. జనం ఓట్లేసి మూడుసార్లు అటార్నీ జనరల్ చేసినవాణ్ణి, కమిటీలో వివరాలు బయటపెట్టిన మూడు రోజులకే, సాక్షుల చేత ప్రమాణం కూడా చేయించకుండా సస్పెండ్ చేస్తారా? సెప్టెంబరు 16న సెనేట్ నిర్దోషి అని తేల్చింది. మరి ఈయన తలదించుకున్నాడా? లేదు. నా ఓటు మీస్‌కే.

గోదారి_గాలి
మాధవి గారు చెప్పిన తేదీలు కరెక్టే. కానీ 121 మంది అవునన్నారు, 23 మంది కాదన్నారు. అవునన్నవాళ్లలో రిపబ్లికన్లే అరవై మంది. లీచ్ ఒక్కడు చేసిన పని కాదు.

మెకిన్నీ_మాధవి
అరవై మంది నా జిల్లాలో లేరండీ. నాకున్నది ఒక్కడే, ఆయన్నే అడుగుతాను.

లత_లా
ఆ గొడవ ఎక్కడ మొదలైందో కూడా చెప్పుకోవాలి. 2020లో పాక్స్‌టన్ దగ్గర పనిచేసే పెద్ద అధికారులే ఎఫ్‌బీఐ దగ్గరికి వెళ్లారు. నేట్ పాల్ అనే ఆస్టిన్ రియల్ ఎస్టేట్ వ్యాపారి కోసం ఆఫీసును వాడుతున్నాడని వాళ్ల ఆరోపణ. వాళ్లలో కొందరి ఉద్యోగాలు పోయాయి, దావా వేశారు. 33 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది, ఆ డబ్బు ఇమ్మని పాక్స్‌టన్ లెజిస్లేచర్‌ని అడిగాడు. మన పన్నుల డబ్బు ఎందుకివ్వాలో చెప్పమని హౌస్ విచారణ మొదలుపెట్టింది. ఆ వెళ్లినవాళ్లందరూ పాక్స్‌టన్ ఏరికోరి పెట్టుకున్న కన్జర్వేటివ్ లాయర్లే. అందుకే ఇది డెమొక్రాట్ల కుట్ర అంటే నాకు మింగుడు పడదు.

సెనేట్‌లో దోషి అనడానికి 21 ఓట్లు కావాలి. రిపబ్లికన్లలో ఇద్దరే దోషి అన్నారు. పదహారు అభియోగాల్లో నిర్దోషి, మిగతా నాలుగు కొట్టేశారు. అది తీర్పు, ఒప్పుకోవాల్సిందే. కానీ విచారణ జరిపించడమే ద్రోహం అనడం వేరు.

లీచ్ ముగింపు వాదన టీవీలో చూశాను. పాక్స్‌టన్ అంటే తనకెంత అభిమానమో, ఈ ఓటు తనకెంత కష్టమైందో అక్కడ నిలబడి చెప్పాడు. ఎదురుగా పాక్స్‌టన్ భార్య, సెనేటర్ ఆంజెలా పాక్స్‌టన్ కూర్చుని ఉంది. ఆమెకు ఆ విచారణలో ఓటు లేదు, కానీ హాజరు కావాలి. అందరూ ఒకే కౌంటీ మనుషులు. రేపు ఏ ఫుట్‌బాల్ మ్యాచ్‌లోనో ఎదురుపడాల్సినవాళ్లు.

కరీంనగర్2డాలస్
మాధవక్కా, లతక్కా, ఇద్దరి మాటల్లోనూ పాయింట్ ఉంది. కానీ శీను అన్న అడిగింది పదకొండేళ్ల చిట్టా, ఒక్క ఓటు కాదు. మిగతాది చెప్పుర్రి.

హ్యూస్టన్_హరి
మిగతాది నేను చెప్తాను. ఇది కార్డుల మీద రాదు.

2022లో మెలిస్సా లూసియో అనే తల్లికి ఏప్రిల్ 27న మరణశిక్ష అమలు చేయాలి. రెండేళ్ల కూతుర్ని చంపిందని 2008లో శిక్ష పడింది. పాప చనిపోయిన రాత్రే పోలీసులు గంటల తరబడి ప్రశ్నించి ఒప్పించారని, పాప మెట్ల మీద నుంచి పడిందని ఆమె లాయర్ల వాదన. ఆ కేసు భుజాన వేసుకున్నది డెమొక్రాట్లు మాత్రమే కాదు. హౌస్‌లో సగానికి పైగా సభ్యులు, రెండు పార్టీల వాళ్లూ, శిక్ష ఆపమని సంతకాలు చేశారు. ముందు నిలబడింది లీచ్. గేట్స్‌విల్ జైలుకు వెళ్లి ఆమెతో కలిసి ప్రార్థన చేశారు.

ఏప్రిల్ 12న హౌస్ కమిటీ విచారణ. కామెరాన్ కౌంటీ డీఏని (ప్రభుత్వం తరఫున కేసులు నడిపే లాయరు) పిలిపించారు. ఈ తేదీని వెనక్కి తీసుకునే అధికారం మీ చేతిలోనే ఉంది కదా, ఎందుకు తీసుకోరు అని లీచ్ వదలకుండా అడిగాడు. ఆయన మొదట కుదరదన్నాడు. విచారణ ముగిసేసరికి, కోర్టు ఆపకపోతే తానే ఆపుతానన్నాడు. 25న క్రిమినల్ అప్పీల్స్ కోర్టు స్టే ఇచ్చింది. ఆ కబురు ఫోన్లో లూసియోకి చెప్పింది లీచే. ఆ రికార్డింగ్ బయటికొచ్చింది. ఆవిడ నమ్మలేక మళ్లీ మళ్లీ అడుగుతూ ఏడుస్తుంది. విని చూడండి.

అంతకుముందు 2016లో జెఫ్ వుడ్ కేసు. స్నేహితుడు లోపల పెట్రోల్ బంకు గుమాస్తాను కాల్చి చంపాడు, వుడ్ బయట బండిలో ఉన్నాడు. టెక్సస్‌లో 'లా ఆఫ్ పార్టీస్' అని ఒకటుంది, నేరంలో తోడున్నవాడూ బాధ్యుడే అంటుంది, దాని కింద ఇద్దరికీ ఉరే. లీచ్ అప్పుడు కూడా గొంతెత్తాడు. ఆ చట్టాన్ని కాస్త సడలించడానికి బిల్లు తెచ్చాడు, 2021లో హౌస్ దాటింది, సెనేట్‌లో ఆగిపోయింది. చూడండి, ఈయన మరణశిక్ష వద్దనేవాడు కాదు. చేయని తప్పుకి చంపొద్దు అంటాడు. ఎన్నికల్లో దీనివల్ల ఒక్క ఓటు కూడా రాదు, పోతే పోతాయి.

ప్లేనో_బాబాయ్
హరి మంచి మాట గుర్తుచేశాడు. మాడెన్ కూడా అలాంటివాడే. 2007లో పదిహేడు వేల మందికి కొత్త జైళ్లు కట్టాలని లెక్క తేలితే, డెమొక్రాట్ సెనేటర్ విట్‌మైర్‌తో కలిసి, ఆ డబ్బులో చిన్న భాగం చికిత్సకీ పర్యవేక్షణకీ పెట్టించి జైళ్లు ఆపించాడు. ఆ సీటుకి ఆ అలవాటుంది.

టెకీ_తిరుపతి
అబార్షన్ సంగతి కూడా రాయండి. 2021లో పిండం గుండె చప్పుడు తెలిశాక అబార్షన్ వద్దనే హార్ట్‌బీట్ చట్టం, సుప్రీంకోర్టు అబార్షన్ హక్కు తీసేస్తే దానంతటదే అమలయ్యే ట్రిగ్గర్ చట్టం, రెంటికీ ఈయన ఓటుంది.

సిరి_ప్రాస్పర్
నాకది కాగితం మీది విషయం కాదు. పోయినేడు మా చెల్లికి నాలుగో నెలలో ఉమ్మనీరు పోయింది. బిడ్డ నిలవదని డాక్టరే చెప్పింది. కానీ గుండె కొట్టుకుంటోంది కాబట్టి చేయి వేయలేమని, జ్వరం వస్తే రమ్మని ఇంటికి పంపేశారు. రెండు రోజులు థర్మామీటర్ పట్టుకుని కూర్చున్నాం. మా అమ్మ ఇండియా నుంచి ఫోన్లో ఏడుపు. ఆ టెన్షన్ నేను మర్చిపోలేను. ఆ చట్టానికి ఓటేసినవాడు ఎంత మంచివాడైనా నా ఓటు అడగొద్దు.

లత_లా
సిరీ, మీ చెల్లి ఇప్పుడు బాగుందా? మీ బాధ అర్థమైంది, దాన్ని తగ్గించి మాట్లాడను. రికార్డు పూర్తిగా ఉండాలని ఒకటి చెప్తున్నాను. 2019లో అబార్షన్ చేయించుకున్న స్త్రీకి కూడా హత్యానేరం వర్తించేలా ఒక బిల్లు వచ్చింది, మరణశిక్ష దాకా వెళ్లొచ్చు. అది లీచ్ కమిటీకే వచ్చింది. రాత్రంతా వాదనలు విన్నాడు, తర్వాత ముందుకు పంపనని తేల్చేశాడు. దాంతో సొంత పక్షం వాళ్ల నుంచే బెదిరింపులు, ఇంటికి పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది.

సిరి_ప్రాస్పర్
బాగుంది లత గారూ, అడిగినందుకు థ్యాంక్స్. ఉరి వద్దన్నాడని మెచ్చుకోవాల్సినంత కిందికి వచ్చామా అని నా బాధ.

మెకిన్నీ_మాధవి
సిరి, నీ మీద నాకు కోపం లేదమ్మా. నేను గర్భంలో ప్రాణాన్ని కాపాడాలనేదాన్ని. కానీ మీ చెల్లి విషయంలో ఆ డాక్టర్లు చేసింది తప్పే. తల్లి ప్రాణానికి ముప్పుంటే చట్టంలో మినహాయింపుంది.

సిరి_ప్రాస్పర్
ముప్పు ఎంత దగ్గరికి రావాలో రాయలేదు కదా పిన్నిగారూ. అదే వాళ్ల భయం. రాయాల్సింది ఈ శాసనసభ్యులే.

వనస్థలిపురం_టు_అల్లెన్
తుపాకుల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. 2023 మే 6, శనివారం, అల్లెన్ ఔట్‌లెట్స్‌లో ఎనిమిది మంది పోయారు. అందులో మన తెలంగాణ అమ్మాయి ఒకరు, ఇంజినీరు. ఆ మాల్ లీచ్ నియోజకవర్గంలోనే ఉంది. మేం ప్రతి ఎండాకాలం ఇండియా వెళ్లేముందు చుట్టాలకు షర్టులు, బూట్లు కొనేది అక్కడే. ఇప్పటికీ అటు వెళ్తే మా ఆవిడ కారు దిగదు.

2021లో లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకు తిరిగే చట్టం వచ్చింది. ఆయన ఓటు దానికే. కాల్పులు జరిగిన రెండు రోజులకు, కొన్ని రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కొనడానికి వయసు 18 నుంచి 21కి పెంచే బిల్లు హౌస్ కమిటీ దాటింది, 8-5 ఓట్లతో. ఇద్దరు రిపబ్లికన్లు కలిశారు. తర్వాత గడువు దాటిపోయిందని సభ ముందుకే రాలేదు. కాబట్టి రికార్డులో ఎవరి ఓటూ ఉండదు.

గోదారి_గాలి
అల్లెన్‌లో కాల్చినవాడికి 33 ఏళ్లు అన్నా. ఆ బిల్లు ఉన్నా ఆగేది కాదు.

వనస్థలిపురం_టు_అల్లెన్
తెలుసు. ఆ బిల్లు యువాల్డే బడి కాల్పుల్లో పోయిన పిల్లల తల్లిదండ్రులు ఏడాదంతా ఆస్టిన్ మెట్ల మీద కూర్చుని అడిగింది. తలుపు కొంచెం తెరుచుకుందనిపించింది, అంతలోనే మూసుకుంది. సొంత ఊళ్లో ఎనిమిది మంది పోయాక మన సభ్యుడు ఆ తలుపు పట్టుకుని నిలబడతాడనుకున్నాను. లూసియో కోసం అంత పోరాడిన మనిషే కదా.

హ్యూస్టన్_హరి
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు వనస్థలిపురం అన్నా.

టీచర్_త్రివేణి
బడుల సంగతి. నేను పబ్లిక్ స్కూల్లో మ్యాథ్స్ చెప్తాను. ఒక్కో పిల్లాడికి రాష్ట్రం ఇచ్చే ప్రాథమిక మొత్తం 2019లో 6,160 డాలర్లు చేశారు. ఈ 2024 దాకా పైసా పెరగలేదు, ఈలోగా ధరలెలా పెరిగాయో మీకే తెలుసు. 2023లో ఖజానాలో డబ్బుంది. కానీ ప్రైవేటు బడి ఫీజుకు వోచర్లు ఇస్తేనే మాకు డబ్బులిస్తామని గవర్నర్ పట్టు. నవంబరు 17న వోచర్ల భాగాన్ని తీసేయాలని సవరణ వచ్చింది, 84-63 తో నెగ్గింది. 21 మంది రిపబ్లికన్లు తీసేయమన్నారు. వాళ్లలో లీచ్ లేడు. మొత్తం బిల్లే మూలపడింది, మాకు దమ్మిడీ రాలేదు. అబాట్ ఆయన పక్కన ఎందుకున్నాడంటే ఇందుకే. ఆ 21 మందిలో మళ్లీ నిలబడ్డవాళ్లను ఓడించడానికి గవర్నర్ ఊరూరా తిరుగుతున్నాడు.

హెచ్1బి_హనుమ
వోచర్ వస్తే మా పాపను ప్రైవేటులో వేయొచ్చు కదా మేడమ్? తప్పేముంది?

టీచర్_త్రివేణి
మీ కోణం నుంచి తప్పులేదు హనుమ గారూ. మీరు అల్లెన్‌లో ఇల్లు కొన్నది దేనికి, స్కూల్ డిస్ట్రిక్ట్ బాగుందనే కదా. ఆ బడి బలం తగ్గితే మీ ఇంటి ధరా తగ్గుతుంది.

హెచ్1బి_హనుమ
ఇంటి ధర అంటే మాత్రం వింటా.

అల్లెన్_శ్రీను
ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గించింది తనే అని కార్డులో ఉంది. నిజమేనా?

ప్లేనో_బాబాయ్
తగ్గింది నిజం. స్కూల్ ట్యాక్స్‌లో హోమ్‌స్టెడ్ మినహాయింపు, అంటే మనం ఉండే సొంతింటికి ఇచ్చేది, 40,000 నుంచి లక్ష డాలర్లకు పెంచారు, 2023 నవంబరు 7న ఓటర్లు ఒప్పుకున్నారు. కానీ దానికి దాదాపు అందరూ ఓటేశారు. మీస్ ఉన్నా వేసేవాడే. దాన్ని పక్కన పెట్టు శీనూ. తేడా ఉన్న ఓట్లు చూడు. అన్నట్టు హోమ్‌స్టెడ్‌కి అప్లై చేశావా? కొత్తగా కొన్నవాళ్లు చాలామంది మర్చిపోతారు.

అల్లెన్_శ్రీను
చేశాను బాబాయ్ గారూ.

ట్రక్కు_వెంకట్
నావి నాలుగు ట్రక్కులు, డాలస్ నుంచి లరేడో తిరుగుతాయి. 2021లో లీచ్ తెచ్చిన హెచ్‌బీ 19 వల్ల మా కేసుల పద్ధతి మారింది. యాక్సిడెంట్ కేసులో మా వాళ్లు అడిగితే విచారణ రెండు భాగాలు అవుతుంది. ముందు డ్రైవర్ తప్పు, జరిగిన నష్టం. కంపెనీ ఘోర నిర్లక్ష్యం, దానికి అదనపు జరిమానా సంగతి తర్వాత. అంతకుముందు బంపర్‌కి గీత పడినా కంపెనీ పాత లెక్కలన్నీ జ్యూరీ ముందు పరిచేవాళ్లు. నాలాంటి చిన్నవాడికి ఇన్సూరెన్స్ కట్టలేక ఊపిరాడేది కాదు. నా ఓటు ఆయనకే, కారణం ఇదే.

లత_లా
వెంకట్ గారూ, అవతలివైపూ చూడండి. మా ఆఫీసుకు వచ్చిన ఒకావిడను హైవే 75 మీద పద్దెనిమిది చక్రాల బండి వెనక నుంచి గుద్దింది. ఆ కంపెనీ డ్రైవర్ల చేత నిద్ర లేకుండా తోలిస్తుందని కాగితాలున్నాయి. కానీ మొదటి భాగంలో వాటిలో చాలావరకు జ్యూరీకి చూపించే వీలు లేదు.

ట్రక్కు_వెంకట్
అలాంటి కంపెనీ మూతపడాలి, నేనూ అదే అంటా. కానీ వాళ్ల పాపం నా ప్రీమియంలో కట్టలేను.

టెకీ_తిరుపతి
ఇంతకీ ఈ పదవికి జీతమెంతో తెలుసా? నెలకు 600 డాలర్లు. ఏడాదికి 7,200. సభ జరిగే రోజుల్లో భత్యం వేరే. రెండేళ్లకోసారి 140 రోజుల సభ. మన తెలంగాణ ఎమ్మెల్యేకి నెలకు రెండున్నర లక్షలు.

కరీంనగర్2డాలస్
600 డాలర్లా! మా అపార్ట్‌మెంట్‌ల పార్కింగుకే అంత పోతది.

గోదారి_గాలి
అందుకే లాయర్లు, వ్యాపారులు, ఆస్తిపరులు తప్ప ఇంకెవరూ నిలబడలేరు. పైగా ఈ రాష్ట్రంలో శాసనసభ అభ్యర్థికి ఎవరెంత ఇవ్వొచ్చో హద్దే లేదు. శ్రీను డబ్బాలో పడ్డ కార్డులన్నీ ఎవరి డబ్బో టెక్సస్ ఎథిక్స్ కమిషన్ సైట్‌లో వెతికితే దొరుకుతుంది. నేను ప్రతిసారీ చూస్తాను. మీస్ గారు అల్లెన్ సిటీ కౌన్సిల్‌లో పనిచేసినాయన, ఆయనకూ అదే వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు చందా ఇవ్వొచ్చు, వీసా మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు, హనుమా జాగ్రత్త.

హెచ్1బి_హనుమ
చందా అడిగితే పారిపోయే మొదటివాణ్ణి నేనే.

సిరి_ప్రాస్పర్
ఒక సందేహం. నేను డెమొక్రాట్‌ని. ఈ ప్రైమరీలో వేయొచ్చా?

ప్లేనో_బాబాయ్
వేయొచ్చమ్మా. టెక్సస్‌లో పార్టీ పేరు మీద రిజిస్ట్రేషన్ ఉండదు. బూత్‌లో ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడుగుతారు, ఒక్కటే తీసుకోవాలి. రిపబ్లికన్ తీసుకుంటే మే 28 రనాఫ్‌లో (ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే జరిగే రెండో విడత) డెమొక్రాట్ వైపు వెళ్లలేవు. నవంబరులో నీ ఇష్టం. ముందస్తు ఓటింగు ఫిబ్రవరి 20 నుంచి మార్చి 1 దాకా. కాలిన్ కౌంటీలో ఏ కేంద్రంలోనైనా వేయొచ్చు. ఫొటో ఉన్న ఐడీ తీసుకెళ్లండి, ఫోన్ జేబులోనే ఉంచండి, బూత్ దగ్గర వాడనివ్వరు.

మెకిన్నీ_మాధవి
చూశారా, డెమొక్రాట్లు వచ్చి మా అభ్యర్థిని ఎంచడం! ఇదే నా అభ్యంతరం.

సిరి_ప్రాస్పర్
పిన్నిగారూ, ఇక్కడ గెలిచేది మార్చిలో తేలిపోతుంటే నవంబరు దాకా నేనేం చేయాలి మరి. నాకూ ఆయనే సభ్యుడు.

అల్లెన్_శ్రీను
అందరికీ దండాలు. రెండు రాత్రులు కూర్చుని టెక్సస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్‌లో ఒక్కో బిల్లూ తీసి ఓట్లు చూశాను. హరి గారు చెప్పిన 2022 విచారణ వీడియో కూడా చూశాను. వోచర్లు, పన్నుల మీద ఆయన ఓట్లు నా ఆలోచనకు సరిపోతాయి. తుపాకుల దగ్గర వనస్థలిపురం అన్న బాధే నాదీ, మా పిల్లలు ఆ మాల్‌కి అవతలి వీధిలోనే చదువుతారు. మీస్ ఆ విషయంలో వేరుగా చేస్తానన్నట్టు ఆయన కార్డుల్లో ఒక్క ముక్క కనబడలేదు. ఇంపీచ్‌మెంట్ ఓటు నాకు తప్పుగా తోచలేదు మాధవి గారూ, సొంత మనిషిని ప్రశ్నించినందుకే ఇంటికి పంపడం నాకు ఇష్టం లేదు. ఇవాళ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ లీచ్‌కి వేశాను. తర్వాత ఆయన ఆఫీసుకు మెయిల్ రాశాను, 21 ఏళ్ల బిల్లు మళ్లీ వస్తే మీరు ఎటు అని.

మెకిన్నీ_మాధవి
వేసిన విధానం నచ్చింది, వేసిన మనిషి నచ్చలేదు. మొదటి ఓటుకి అభినందనలు తమ్ముడూ.

వనస్థలిపురం_టు_అల్లెన్
ఆ మెయిల్ ఇక్కడ పెట్టు శ్రీనూ. నేనూ పంపుతా, మా ఆవిడ చేతా పంపిస్తా.

కరీంనగర్2డాలస్
మార్చి 6. లీచ్ గెలిచిండు. కానీ ఇంపీచ్‌కి ఓటేసిన పక్క జిల్లాల ఫ్రేజియర్, హాలండ్ ఇద్దరూ రనాఫ్‌కి పోయిర్రు. స్పీకర్ ఫీలన్‌కి కూడా సొంత సీట్ల రనాఫ్. ఇక్కడ జడ్జీలకూ ఎన్నికలే గదా, క్రిమినల్ అప్పీల్స్ కోర్టు జడ్జీలు ముగ్గురు ఓడిపోయిర్రు, పాక్స్‌టన్ పగబట్టినవాళ్లే. మాధవక్కా, మీ మాట తీసిపారేసేది కాదు.

మెకిన్నీ_మాధవి
నేను చెప్పలేదా. మే 28న మళ్లీ మాట్లాడుకుందాం.

టీచర్_త్రివేణి
వోచర్లు కాదన్న చాలామంది ఓడిపోయారు కూడా. 2025 జనవరి సభలో లెక్క మారిపోతుంది. శ్రీను గారూ, మీ మెయిల్‌కి జవాబొచ్చిందా?

అల్లెన్_శ్రీను
ఆఫీసు నుంచి అందిందని ఒక లైను వచ్చింది అంతే. నవంబరు ముందు అల్లెన్‌లో ఎక్కడ సభ పెట్టినా వెళ్లి ఎదురుగా అడుగుతాను. వచ్చేవాళ్లుంటే చెప్పండి.

వనస్థలిపురం_టు_అల్లెన్
నేనొస్తా.

సిరి_ప్రాస్పర్
నేనూ. నాకు ఇంకో ప్రశ్న కూడా ఉంది.